ఇంటర్ చదివే తమ్ముడికి బీజీఎంఐ టీమ్ కాంట్రాక్టు పంపింది. సంతకం పెట్టాలా?

మీరు అడిగింది ఇదీ: కరీంనగర్‌లో ఉన్న మీ తమ్ముడికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, పాత పబ్‌జీ) బాగా ఆడతాడు. ఒక ఆర్గనైజేషన్ నెలకు 30 వేల జీతం, రెండేళ్ల కాంట్రాక్టు, నవీ ముంబైలో బూట్‌క్యాంప్ (టీమ్ అంతా కలిసి ఉండి సాధన చేసే చోటు) అంటూ పీడీఎఫ్ పంపి పది రోజుల్లో సంతకం కావాలంది. వాడు కాలేజీ మానేస్తానంటున్నాడు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇద్దరి మధ్యా మీరు నలిగిపోతున్నారు.

సూటిగా చెబుతాను. ఆ కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి. అలాగని వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోనూ వద్దు. మార్చి పరీక్షలు అయ్యేదాకా ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో టీమ్‌తో ఆడతాడని చెప్పండి. పరీక్షలయ్యాక ఒక నెల ట్రయల్‌కి పంపండి. అది కుదిరాక, 18 నిండాక, ఒక్క ఏడాదికి కొత్త కాంట్రాక్టు రాసుకోండి. వాడు నిజంగా వాళ్లకు కావలసిన ఆటగాడైతే నాలుగు నెలలు ఆగుతారు. ఆగలేమన్నారంటే వాళ్లు వెతుకుతున్నది మీ తమ్ముణ్ని కాదు, ఖాళీ నింపడానికి ఎవరో ఒకర్ని.

టీమ్‌ల నిర్వహణ, ఆటగాళ్ల కాంట్రాక్టులు చూసే పనిలో ఉన్నాను కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను. నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

ఆడేది వాడే, కానీ ఆట వాడిది కాదు

క్రికెట్‌కీ దీనికీ అసలు తేడా ఇక్కడే. క్రికెట్‌ను ఎవరూ సర్వర్ ఆపేసి ఆపలేరు. బీజీఎంఐ మాత్రం ఒక కంపెనీ ఆస్తి. సర్వర్ ఆగిన రోజు జీతం, టోర్నీ, స్పాన్సర్ మూడూ ఒకేసారి ఆగుతాయి.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. 2021 జులై 2న అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. 2022 జులై 28న మళ్లీ ప్లే స్టోర్ నుంచీ యాప్ స్టోర్ నుంచీ మాయమైంది. 2023 మే నెలాఖరుకు మళ్లీ తెరుచుకుంది. రెండుసార్లూ పదేసి నెలలు. అంటే ఆ 33 నెలల్లో దాదాపు 20 నెలలు ఈ దేశంలో అధికారికంగా ఆట లేదు. ఫ్రీ ఫైర్‌ని కూడా 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. అప్పటికి 17, 18 ఏళ్లున్న పిల్లల్లో చదువు చేతిలో ఉన్నవాళ్లు పరీక్షలు రాసుకుంటూ ఆ కాలాన్ని గట్టెక్కించారు. అన్నీ వదిలేసి వచ్చినవాళ్లకు ఆ పది నెలలు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మీ తమ్ముడి కాంట్రాక్టు 24 నెలలు. అందులో ఆట ఆగిపోతే జీతం సంగతేమిటో ఒక్క వాక్యమైనా ఉందా? నాకు కనిపించే తొలి ముసాయిదాల్లో ఎక్కువ వాటిల్లో ఉండదు. ఉన్నా 'అనివార్య పరిస్థితుల్లో సంస్థ చెల్లింపులు నిలిపివేయవచ్చు' అని ఉంటుంది. ఆటగాడు వేరే ఆటకో వేరే టీమ్‌కో వెళ్లవచ్చా అన్నది మాత్రం రాయరు. జీతమూ లేక, విడుదలా లేక పిల్లాడు మధ్యలో వేలాడతాడు. కాబట్టి ఈ వాక్యం చేర్పించండి: ఆట 30 రోజులకు మించి ఆగితే, మూడు నెలలపాటు సగం జీతమైనా ఇవ్వాలి, లేదా డబ్బు అడగకుండా విడుదల చేయాలి.

అసలు వాడికి అంత ఆట ఉందా?

ఇంట్లో వాళ్లు చూసేది ర్యాంకు. 'వాడు కాంకరర్ అండీ' అంటారు. కాంకరర్ అంటే ఆ సర్వర్లో ఆ మోడ్‌లో మొదటి 500 మందిలో ఒకడని అర్థం. గొప్పే. కానీ అది ఎక్కువగా ఎంత సమయం పెట్టాడో చెబుతుంది. టోర్నీ ఆట వేరు. అక్కడ 16 టీమ్‌లు, 64 మంది, అందరూ ఆ స్థాయి వాళ్లే. పెద్ద టోర్నీల్లో నడుస్తున్న లెక్క ప్రకారం మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండుకు 6, మూడుకు 5, తర్వాత 4, 3, 2, ఏడు ఎనిమిది స్థానాలకు ఒక్కొక్కటి, ఆ కిందికి సున్నా. ప్రతి కిల్‌కీ ఒక పాయింటు. ఒక్కడు ఆరు కిల్స్ కొట్టినా టీమ్ పన్నెండో స్థానంలో పోతే వచ్చేది ఆ ఆరే. కిల్స్ క్లిప్పులు చూసి ఆటగాణ్ని అంచనా వేయకూడదనేది అందుకే.

చూడాల్సింది స్క్రిమ్స్, అంటే టీమ్‌లు తమలో తాము ఆడుకునే సాధన మ్యాచ్‌ల ఫలితాలు. టీ1, టీ2, టీ3 అని స్థాయిలుంటాయి, టీ1 అన్నిటికంటే పైది. కనీసం టీ2లో వరసగా 40 మ్యాచ్‌లవి తీసుకోండి. ప్రతి మ్యాచ్‌కీ నాలుగు విషయాలు ఒక నోటుబుక్కులో రాయమనండి: ఎన్నో స్థానం, తన కిల్స్, తన డ్యామేజ్, టీమ్‌లో తను ఎన్నోవాడిగా చనిపోయాడు. చివరిది చాలామంది రాయరు, కానీ నేను మొదట చూసేది అదే. నలుగురిలో ఎప్పుడూ మొదట పోయేవాడు ఎంట్రీ ఫ్రాగర్ (ముందుగా దూకి పోరు మొదలుపెట్టేవాడు) అయితే సరే, అది వాడి పని. సపోర్ట్ (వెనకుండి మిగతావాళ్లకు సాయపడే పాత్ర) ఆడే కుర్రాడు 40లో 20సార్లు మొదటే పోతున్నాడంటే ఎక్కడ నిలబడాలో ఇంకా రాలేదన్నమాట.

ఆర్గనైజేషన్లు ట్రయల్‌లో ఏం చూస్తాయో కూడా తెలుసుకోండి. గురి ఒక్కటే కాదు, మాట. ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. ఎరాంగెల్ అనే మ్యాప్‌లో నాలుగో జోన్ (ఆట సాగేకొద్దీ కుంచించుకుపోయే సురక్షిత వలయం). టీమ్ రోజోక్ అనే ఊరి పక్కనున్న ఒక కాంపౌండ్‌లో ఉంది. జోన్ యస్నయ అనే మరో ఊరి వైపు జరిగింది. మధ్యలో దాదాపు 200 మీటర్ల బయలు, అవతల గట్టు మీద ఒక టీమ్ కాచుకుని ఉంది. ఐజీఎల్ (ఆటలో టీమ్‌ను నడిపించే నాయకుడు) 'కదలండి' అన్నాడు. ముందున్నవాడు పరుగెత్తాడు, నాక్ అయ్యాడు, అంటే దెబ్బతిని కూలబడ్డాడు. రెండోవాడు వాణ్ని లేపడానికి వెళ్లి తనూ పడ్డాడు. మూడు నిమిషాల్లో నలుగురూ ఆట నుంచి అవుటై లాబీలో ఉన్నారు. అందరూ 'అవతలివాడి స్ప్రే (ఆగకుండా కాల్చడం) బాగుంది' అనుకుని తర్వాతి మ్యాచ్‌కి వెళ్లిపోతారు.

రికార్డింగ్ మళ్లీ పెట్టి చూస్తే వేరే కథ కనిపిస్తుంది. నలుగురి బ్యాగుల్లో కలిపి 11 స్మోక్‌లు (పొగ బాంబులు) ఉన్నాయి, వాడింది రెండే. గట్టు మీద టీమ్ ఉందని సపోర్ట్ ప్లేయర్ 40 సెకన్ల ముందే చూశాడు, కానీ 'అక్కడ ఉన్నారు' అన్నాడు తప్ప దిక్సూచి అంకె చెప్పలేదు. 'అక్కడ' అంటే మిగతా ముగ్గురికీ ఏమీ తెలియదు. 'దిక్సూచిలో 75, గట్టు మీద ఇద్దరు, ఒకడి దగ్గర స్కోప్ ఉంది' అని ఉంటే ఐజీఎల్ వాహనం మీద చుట్టు తిప్పేవాడు. జీతం ఇచ్చేది ఆ రెండో రకం మాటకి. మీ తమ్ముడు హెడ్‌సెట్‌లో మాట్లాడేది ఒక గంట పక్కన కూర్చుని వినండి. అరుపులూ, ఒకరి మీద ఒకరు వేసుకోవడమూ ఎక్కువ ఉన్నాయో, అంకెలూ దిక్కులూ ఎక్కువ ఉన్నాయో మీకే తెలిసిపోతుంది.

పరీక్షల సంగతి

ఇంటర్‌ని ఇప్పుడు వదలడం అన్నిటికంటే ఖరీదైన తప్పు. ఎంపీసీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ థియరీకి ముందే అయిపోతాయి. నవీ ముంబైలో ఉండి ఆ తేదీలు తప్పితే థియరీ బాగా రాసినా లాభం లేదు. 75 శాతం హాజరు నిబంధన ఉండనే ఉంది. అందుకే 'పరీక్షల టైముకి వచ్చి రాసి వెళ్తాడులెండి' అనే మాట నమ్మకండి. టోర్నీ తేదీలు టీమ్ చేతిలో ఉండవు. పరీక్ష రోజే క్వాలిఫయర్ పడితే ఎవరూ వాణ్ని బస్సెక్కించరు.

ఇంటర్ చేతికొచ్చాక దారులు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో దూరవిద్య డిగ్రీలో చేరవచ్చు. తరగతులకు రోజూ పోనక్కర్లేదు, బూట్‌క్యాంప్‌లో ఉండి కూడా నడుస్తుంది. ఇంజినీరింగే కావాలంటే ఆ ఏడాది ఎప్‌సెట్ రాసి ఉంచడంలో నష్టం లేదు. స్పోర్ట్స్ కోటా సీటు వస్తుందన్న ఆశతో మాత్రం లెక్కలు వేసుకోకండి. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించి క్రీడాశాఖ కిందికి తెచ్చింది, ఆసియా క్రీడల్లో పతకాలూ ఇస్తున్నారు. అది మంచి పరిణామమే. దాన్ని చూసి కాలేజీ వదిలేయడం వేరే సంగతి.

ఇప్పుడు కాంట్రాక్టు. నిదానంగా చదవండి

మొదటి విషయం ఎవరి సంతకం అన్నది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని ప్రకారం 18 నిండనివాడు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 18 నిండాక పాత కాగితాన్నే 'ఒప్పుకుంటున్నాను' అన్నా చెల్లదు, కొత్తది రాసుకోవాల్సిందే. ఇది ఆర్గనైజేషన్లకు బాగా తెలుసు. అందుకే నాన్నగారి చేత సంతకం పెట్టిస్తారు. ఆయన 'తల్లిదండ్రుల అంగీకారం' అని పెడుతున్నారా, లేక 'పూచీదారు'గా పెడుతున్నారా చూడండి. మొదటిది మామూలే, టోర్నీ నిర్వాహకులు కూడా అడుగుతారు. రెండోదైతే పిల్లాడు మధ్యలో మానేసినప్పుడు కట్టాల్సిన జరిమానా నాన్నగారి నెత్తిన పడుతుంది. పూచీ, నష్టపరిహారం అన్న మాటలున్న పేరాలు ఆయన పేరుతో ఉంటే కొట్టేయించండి. అందుకే ఇప్పుడు ఒక ట్రయల్ లేఖ, 18 నిండాక అసలు కాంట్రాక్టు అంటున్నాను. చట్టపరంగా అది రెండు పక్షాలకూ శుభ్రం.

తర్వాత బైఅవుట్. అంటే గడువులోగా వేరే టీమ్ వాణ్ని తీసుకోవాలంటే ఇప్పటి టీమ్‌కి కట్టాల్సిన సొమ్ము. మీరు పంపిన భాగంలో 'సంస్థ నిర్ణయించిన బైఅవుట్' అని ఉందన్నారు. అంకె లేదు. ఇది చాలా ప్రమాదం. వాడికి మంచి ఆఫర్ వచ్చిన రోజు 25 లక్షలు అంటారు, ఆ ఆఫర్ పోతుంది. అంకె రాయించండి, అది కాలం గడిచేకొద్దీ తగ్గేలా రాయించండి. జీతానికి ఆరు రెట్లతో మొదలై, అంటే మీ లెక్కలో 1,80,000తో మొదలై, ప్రతి రెండు నెలలకూ 30 వేలు తగ్గితే ఏడాది చివరికి సున్నా అవుతుంది. ఇది అడగడానికి న్యాయమైన లెక్క. ఒప్పుకునేవాళ్లున్నారు.

బెంచ్ మీద కూర్చోబెడితే జీతం సగం చేస్తామని చిన్న అక్షరాల్లో ఉంటుంది. బెంచ్ మీద పెట్టడం కోచ్ హక్కు, దాన్ని ఆపలేం. కానీ జీతం తగ్గకూడదు. వరసగా 45 రోజులు ఆడించకపోతే వేరే టీమ్‌కి అరువుకో, పూర్తిగానో వెళ్లే వీలుండాలి. 19 ఏళ్ల కుర్రాడు ఒక సీజన్ మొత్తం బెంచ్ మీద ఉంటే మళ్లీ ఎవరూ పిలవరు. ఈ ఆటలో సీజన్ అంటే కొన్ని నెలలే, ఆటగాళ్ల మార్పులు సీజన్ సీజన్‌కీ జరుగుతాయి.

'కాంట్రాక్టు ముగిశాక ఆరు నెలలు వేరే టీమ్‌లో ఆడరాదు' అని ఉంటే భయపడకండి. అదే చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం ఒకడి వృత్తిని అలా అడ్డుకునే షరతు చెల్లదు. అయితే కోర్టు దాకా వెళ్లేంత ఓపికా డబ్బూ మీకూ ఉండవు, పైగా టోర్నీ నిర్వాహకులు పాత టీమ్ ఇచ్చిన విడుదల లేఖ అడుగుతారు. కాబట్టి చెల్లదులే అని వదిలేయకుండా ఇప్పుడే తీయించండి. దాని బదులు 'గడువు ముగిసిన ఏడు రోజుల్లో విడుదల లేఖ ఇవ్వాలి' అని రాయించండి.

గేమ్ అకౌంట్, యూట్యూబ్ ఛానల్, ఇన్‌స్టా ఎవరివి? ఇది పిల్లలు అసలు పట్టించుకోరు. టీమ్ పేరుతో కొత్త ఛానల్ తెరిచి, టీమ్ ఈమెయిల్‌తో కలిపి, రెండేళ్లు కష్టపడి జనాన్ని పోగేస్తారు. వెళ్లేరోజు పాస్‌వర్డ్ మారిపోతుంది. ఆటగాడి జీవితంలో ఆట తర్వాత మిగిలేది ఆ ఛానలే. 2019 మార్చిలో హైదరాబాద్‌లో జరిగిన పబ్‌జీ మొబైల్ ఇండియా సిరీస్ ఫైనల్ గెలిచిన సోల్ టీమ్ కెప్టెన్ మోర్టల్ ఈ రోజుకీ నిలబడింది తన వీక్షకుల మీద. అందుకని వాడి సొంత మెయిల్, వాడి సొంత ఫోన్ నంబరు, రెండంచెల ధ్రువీకరణ ఇంట్లో ఒకరి ఫోన్‌కి. టీమ్‌కి ఛానల్ ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు, యాజమాన్యం మాత్రం ఇవ్వకూడదు.

ఇంకా: రెండు నెలల జీతం ఆగితే ఆటోమేటిక్‌గా విడుదల. 'అభ్యంతరం చెప్పకపోతే మరో ఏడాది పొడిగింపు' అన్న వాక్యం ఉంటే తీసేయాలి. బూట్‌క్యాంప్ అద్దె, తిండి, ఫోన్, రైలు టికెట్లు ఎవరివి, మధ్యలో వచ్చేస్తే తిరిగి వసూలు చేస్తారా అన్నది స్పష్టంగా రాయాలి. ఆరోగ్య బీమా అడగండి. ఇలాంటి కాంట్రాక్టుల్లో ఆటగాణ్ని ఉద్యోగిగా చూపించరు, పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు.

డబ్బు లెక్క, పన్నుతో సహా

30 వేలు అంటే చేతికి 30 వేలు కాదు. వృత్తి రుసుము కింద ఇస్తారు కాబట్టి 10 శాతం టీడీఎస్ కోసి 27 వేలు వేస్తారు. వాడికి వేరే ఆదాయం లేకపోతే రిటర్న్ దాఖలు చేసి ఆ కోత వెనక్కి తెచ్చుకోవచ్చు. దానికి పాన్ కావాలి. మైనర్‌కి కూడా పాన్ వస్తుంది, దరఖాస్తు మీద తండ్రో తల్లో సంతకం పెడతారు. 18 నిండాక ఫోటో, సంతకం చేర్చి మార్పించుకోవాలి. మైనర్ ఆదాయాన్ని మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలుపుతారు కానీ, సొంత నైపుణ్యంతో సంపాదించినదాన్ని కలపరు. ఈ ఒక్క సంగతి చెబితే నాన్నగారి సగం ఆందోళన తగ్గుతుంది.

ప్రైజ్ మనీ దారి వేరు. దాని మీద మామూలుగా 30 శాతం కోస్తారు. ఇది ఫ్లాట్ రేటు, ఆదాయం పరిమితి లోపే ఉన్నా ఇది తిరిగి రాదు. టీమ్‌కి 10 లక్షలు వచ్చాయనుకోండి. కోత పోను 7 లక్షలు. ఆర్గనైజేషన్ వాటా 20 శాతం, కోచ్ వాటా 10 శాతం అని ఉందనుకుందాం. ఇక్కడ 'దేనిలో' 20 శాతం అన్నదే కీలకం. మొత్తం 10 లక్షల మీద లెక్కిస్తే 3 లక్షలు పోయి మిగిలేది 4 లక్షలు, బెంచ్ మీదివాడితో కలిపి ఐదుగురు ఆటగాళ్లకు తలా 80 వేలు. పన్ను పోను వచ్చిన 7 లక్షల మీద ముందు ఆర్గనైజేషన్ వాటా, మిగిలినదాంట్లో కోచ్ వాటా తీస్తే 5,04,000 మిగిలి తలా 1,00,800 వస్తుంది. ఒక్క మాట తేడాకి మనిషికి 20 వేల పైనే. 'పన్ను పోను చేతికొచ్చిన సొమ్ము మీద' అని రాయించండి. డబ్బు టీమ్ ఖాతాలో పడ్డ 15 రోజుల్లో ఆటగాడికి ఇవ్వాలనీ, వాడు టీమ్ విడిచి వెళ్లినా అంతకుముందు ఆడిన టోర్నీ వాటా ఇవ్వాలనీ రాయించండి. ప్రైజ్ మనీ నెలల తరబడి ఆలస్యం కావడం ఇక్కడ మామూలే. ఈలోపు టీమ్ మారినవాడి వాటా మరుగున పడిపోతుంది. టీడీఎస్ ఎవరి పాన్ మీద కోశారో కూడా అడగండి, ఎవరి పాన్ మీద పడితే ఆ జమ వాళ్లకే.

దూరంగా ఉండాల్సినవి

ట్రయల్‌కి ఫీజు, స్లాట్‌కి ఫీజు, జెర్సీకి డిపాజిట్ అని ఆటగాడి దగ్గర డబ్బు అడిగే టీమ్‌తో మాట్లాడటం ఆపేయండి. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఆర్గనైజేషన్ పేరు కొట్టి నమోదైందో లేదో, డైరెక్టర్లు ఎవరో చూడండి. ఉచితమే. ఆ టీమ్ విడిచి వెళ్లిన ముగ్గురు ఆటగాళ్లకు ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టి ఒకే ప్రశ్న అడగండి: 'చివరి నెల జీతం వచ్చిందా?' చాలా విషయాలు ఆ జవాబులోనే తెలిసిపోతాయి.

రెండోది, కిల్‌కి ఇంత అని డబ్బు పెట్టి ఆడే ప్రైవేటు రూములు. 50 రూపాయలే కదా అనిపిస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలు నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం కూడా వచ్చింది. అది ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. పోటీలో చేరడానికి ఫీజు, ప్రతిభకు బహుమతి ఉండవచ్చు, పందెం మాత్రం ఉండకూడదు. అలాంటి డబ్బు ఆటల యాప్‌ని తన ఛానల్‌లో ప్రచారం చేసినా నేరమే: రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 'స్టోరీ ఒక్కటి పెట్టు తమ్ముడూ, 15 వేలిస్తాం' అని వచ్చే మెసేజీలు కొత్తగా పేరొస్తున్న కుర్రాళ్లకే ఎక్కువ వస్తాయి. వాడికి గట్టిగా చెప్పండి.

ఒళ్లు

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆటలో పేరున్న చైనా ఆటగాడు ఉజీ 2020 జూన్‌లో ఆట మానేశాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. టైప్ 2 డయాబెటిస్, చేతి గాయం కారణాలని చెప్పాడు. అదే ఆటలో కొరియా ఆటగాడు ఫేకర్ 2013లో మొదలుపెట్టి ఇప్పటికీ ప్రపంచ టైటిళ్లు గెలుస్తున్నాడు. ఫేకర్‌ని చూసి దీర్ఘకాలం ఉంటుందని ధీమా పెంచుకోవద్దు, ఉజీని చూసి బెదిరిపోనూ వద్దు.

మొబైల్‌లో మొదట దెబ్బతినేది బొటనవేలి మొదలు, మణికట్టు. నాలుగు వేళ్ల క్లాలో (బొటనవేళ్లతోపాటు చూపుడువేళ్లనూ తెర మీద వాడే పద్ధతిలో) ఆడేవాళ్లకు చూపుడువేళ్లు కూడా. స్క్రిమ్స్ బ్లాకు అంటే అరగంట చొప్పున నాలుగైదు మ్యాచ్‌లు వరసగా ఉంటాయి. ప్రతి రెండు మ్యాచ్‌లకూ ఐదు నిమిషాలు లేచి భుజాలూ మెడా మణికట్టూ కదపాలి. బొటనవేలిని పిడికిలిలో మూసి మణికట్టును చిటికెనవేలి వైపు వంచినప్పుడు చురుక్కుమంటే, లేదా రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తూ రెండు వారాలు దాటితే ఎముకల డాక్టరుకు చూపించాలి. 'టోర్నీ అయ్యాక చూద్దాం' అన్నవాళ్ల నొప్పి ఆ టోర్నీలోనే ముదురుతుంది.

చేతి కంటే పెద్ద సమస్య నిద్ర. రాత్రి 11కి స్క్రిమ్స్ ముగుస్తాయి, ఒంట్లో వేడి తగ్గక మూడింటిదాకా రీల్స్ చూస్తారు, పదకొండుకి లేస్తారు, టిఫిన్ ఎగ్గొడతారు. బూట్‌క్యాంప్‌లో దీన్ని అడ్డుకునే మనిషి ఉన్నాడో లేడో అడగండి. ట్రయల్ నెలలో ఒక్కసారైనా మీరో నాన్నగారో చెప్పకుండా వెళ్లి వంటగది, పడక గది, మేనేజర్‌ని చూసి రండి. ఎంతమంది ఒక గదిలో పడుకుంటున్నారు, ఉదయం పదికి ఎంతమంది లేచి ఉన్నారు చూస్తే చాలు.

ఫోన్ గురించి రెండు మాటలు. ఛార్జింగ్ పెట్టి ఆడితే వేడెక్కి ఫ్రేములు పడిపోతాయి, అంటే తెర మీద బొమ్మ తడబడుతుంది. మ్యాచ్ చివరి జోన్లలోనే ఆ పడిపోవడం కనిపిస్తుంది. వెనక కూలర్ పెట్టుకుని, బ్యాటరీ నిండాక తీసి ఆడాలి. ఇంట్లో ఐప్యాడ్ మీద అలవాటు పడకూడదు, అధికారిక టోర్నీల్లో ట్యాబ్లెట్ ఒప్పుకోరు. ఆ పెద్ద తెర మీద కుదిరిన సెన్సిటివిటీ (వేలు కదిపితే గురి ఎంత కదలాలన్న సెట్టింగ్) ఫోన్ మీద పనికిరాదు.

పాస్‌పోర్ట్ ఇప్పుడే దరఖాస్తు చేయండి. మైనర్ కాబట్టి అమ్మానాన్నలిద్దరి సమ్మతి కావాలి. విదేశీ టోర్నీకి అర్హత వచ్చాక మొదలుపెడితే వీసా సమయం చాలదు.

ఇక ఈ పది రోజుల గడువుకి ఏం జవాబివ్వాలని అడిగారు. నాన్నగారి పేరుతో, వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో, ఇలా పంపండి:

'నమస్కారం. మా అబ్బాయిని ఎంచుకున్నందుకు సంతోషం. వాడికి ఇంకా 18 నిండలేదు, మార్చిలో ఇంటర్ పరీక్షలున్నాయి. అప్పటిదాకా రోజూ సాయంత్రం స్క్రిమ్స్‌కి ఇంటి నుంచి అందుబాటులో ఉంటాడు. పరీక్షలయ్యాక ఒక నెల ట్రయల్‌కి పంపుతాం. ఆ నెల జీతం, ప్రయాణం, వసతి వివరాలతో ట్రయల్ లేఖ పంపగలరు. పూర్తి కాంట్రాక్టు 18 నిండాక ఒక ఏడాదికి రాసుకుందాం. అందులో బైఅవుట్ అంకె, బెంచ్ సమయంలో జీతం, ప్రైజ్ మనీ వాటా లెక్క, ఆట నిలిచిపోతే ఏం చేస్తారన్నది, ఛానల్ యాజమాన్యం స్పష్టంగా ఉండాలని కోరుతున్నాం.'

జవాబు రెండు మూడు రోజుల్లో వస్తుంది. 'రేపే సంతకం కావాలి, లేకపోతే వేరేవాణ్ని తీసుకుంటాం' అని ఫోన్ వస్తే మర్యాదగా 'సరేనండీ' అని పెట్టేయండి. ముసాయిదాలో మార్పులు చేసి పంపితే ఆ పేరాలు ఇక్కడే పెట్టండి, టీమ్ పేరు తీసేసి. ఒక్కొక్కటీ చూసి చెబుతాను.